ఆవ మొక్క వంశావళి

పోపులో చిటపటలాడు ఆవగింజకు తల్లిదండ్రులెవరో తేల్చిన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు ఊ జాంగ్‌చున్. ఆయన 1898లో టోకియో నగరమున జన్మించెను. తండ్రి కొరియా సైన్యమున దళాధిపతి. 1895లో జరిగిన రాణి హత్యలో పాలుపంచుకొని జపానునకు పారిపోయి వచ్చినవాడు. తల్లి జపాను వనిత. 1903లో ఒక కొరియా దేశీయుడు తండ్రిని వధించి పగ దీర్చుకొనెను. బాలునకప్పుడు ఐదేండ్లు. పేదరికము వలన తల్లి అతనిని కొంతకాలము అనాథాశ్రమమున ఉంచవలసి వచ్చెను.

టోకియోలో వ్యవసాయవిద్య నభ్యసించి, ఊ ప్రభుత్వ పరిశోధనాలయమున చేరెను. చట్టప్రకారము సునాగా యను ఇంటిపేరు సంక్రమించినను, వ్యాసములపై మాత్రము తండ్రి ఇంటిపేరునే వ్రాసికొనెను. 1935 నాటి వ్యాసము ఆయనను చిరస్మరణీయుని చేసినది.

మొక్కల బీజకణములలో క్రోమోసోములు జాతికొక నియత సంఖ్యలో నుండును. నల్ల ఆవకు 8, క్యాబేజీ, కాలీఫ్లవరులకు 9, టర్నిప్పునకు 10. మనము వాడు ఆవకు 18. అనగా నల్ల ఆవ, టర్నిప్పు కలిసి దానిని పుట్టించినవి. నూనెగింజల కొరకు పెంచు రేపు మొక్కకు 19, ఇథియోపియా ఆవకు 17. వీని పుట్టుకను విద్యార్థులే లెక్కించుకొనవచ్చును. ఈ సంఖ్యలలో కొన్నింటిని మొరినాగా మున్నగువారు ముందే పరిశీలించి యుండిరి. భిన్నజాతుల సంకరము సాధారణముగా గొడ్డువోవును. క్రోమోసోములు రెట్టింపైనచో మరల విత్తు పట్టును. ఊ టర్నిప్పు జాతిని క్యాబేజీ జాతితో సంకరపరచి, రేపు మొక్కనే మరల సృష్టించి చూపెను. కొత్త జాతి పుట్టుటకు పాతజాతి చీలిపోనక్కరలేదనియు, రెండు జాతులు కలిసినను పుట్టగలదనియు తేటపడెను. ఆ సంబంధములను చూపు చిత్రము ‘ఊ త్రిభుజ’మని ప్రసిద్ధికెక్కినది. పిదప వచ్చిన డి.ఎన్.ఏ. పరీక్షలును దానిని ధ్రువపరచినవి.

1950లో కొరియా పిలుపు నందుకొని, భార్యాబిడ్డలను జపానులోనే విడిచి, ఊ తండ్రి దేశమునకు తరలెను. కొలది నెలలకే యుద్ధము వచ్చిపడెను. విత్తనములకు కరవైన ఆ దేశమున, పూసాన్ నగరమందుండి క్యాబేజీ, ముల్లంగి మేలిరకములను వృద్ధిచేసెను. గింజలేని పుచ్చకాయ ఆయన సృష్టియే యని కొరియాలో పలువురు నమ్మిరి. నిజమునకది జపాను శాస్త్రజ్ఞుడు కిహారా కృషి. అట్టి అరువు కీర్తి ఊకు అవసరము లేదు.

1953లో తల్లి మరణించెను. జపానునకు పోవుటకు ప్రభుత్వము అనుమతి నీయలేదు. పరామర్శగా వచ్చిన ద్రవ్యముతో ఆయన పరిశోధనాలయ ఆవరణమున నూయి త్రవ్వించెను. 1959 ఆగస్టులో, మరణమునకు కొలది దినములు ముందు, కొరియా ప్రభుత్వమొసగిన పతకమును రోగశయ్యపైననే స్వీకరించెను.