తిరువయ్యారు నుండి తిరుమలకు

కావేరీతీరమునందలి తిరువయ్యారు వీథులలో నూట ఎనుబది యేండ్లకు పూర్వము ప్రతిదినము ప్రాతఃకాలమున వినవచ్చుచుండిన ధ్వని యొకటి కలదు. ముందు తంబుర శ్రుతి, దాని వెంట చిడతల చప్పుడు, ఆ రెంటి నడుమ రామనామము. శ్రీ త్యాగరాజస్వామివారు శిష్యసమేతులై ఉంఛవృత్తికి బయలుదేరుచుండిరి. గృహిణులు గడపలకడ నిలిచి పాత్రలో పోసిన బియ్యమే ఆనాటి నైవేద్యము. ఆ ప్రసాదమే శిష్యులకు భోజనము. మరునాటికి దాచుకొనుట ఆ యింట ఎరుగరు. అట్టి మహనీయులు డెబ్బది యేండ్లు దాటిన పిదప ఇల్లు విడిచి, పల్లకిలో దూరదేశమునకు పోయి, పరుల ఊళ్లలో, పరుల యిండ్లలో పాడవలసి వచ్చినది.

1767వ సంవత్సరము మే 4వ తేదీన తిరువారూరు క్షేత్రమున కాకర్ల రామబ్రహ్మముగారికి, సీతమ్మగారికి త్యాగయ్యగారు జన్మించిరి. వారు ములకనాటి తెలుగు బ్రాహ్మణులు. తెలుగు దేశమును విడిచి తరములు గడచినను, ఇంట తెలుగే మాటాడుచు పోతనగారి భాగవతమును పారాయణ చేసికొనుచుండిన కుటుంబము వారిది. తండ్రి రామాయణ ప్రవచనమునకు పేరుపొందినవారు. సంగీతగురువైన శొంఠి వేంకటరమణయ్యగారు తంజావూరు ఆస్థానవిద్వాంసులు. గురువుగారి బాటనే శిష్యుడును పట్టియున్నచో రాజసభలో ఆసనము, శాలువలు, మాన్యములు కోరకయే లభించియుండెడివి. ఆ కాలమున గాయకునకు జీవనమనగా అదియే. ఒక ప్రభువు కొలువున పాడి సంభావన గైకొని, మరియొక ప్రభువు పిలుపునకై ఎదురుచూచుట. తంజావూరు నుండి మైసూరునకును, మైసూరు నుండి తిరువనంతపురమునకును తంబుర భుజమున వేసికొని తిరుగుట. అందు తప్పేమియు లేదు. కుటుంబపోషణమున్న విద్వాంసుడు మరేమి చేయగలడు?

త్యాగయ్యగారు మాత్రము ఆ దారి త్రొక్కలేదు. శరభోజి మహారాజు పంపిన పిలుపును వారు నిరాకరించిరనియు, చేతికందిన సిరిని కాలదన్నుటకు కినిసి అన్నగారగు జప్యేశుడు పూజావిగ్రహములను కావేరిలో పారవైచెననియు శిష్యపరంపర చెప్పుచున్నది. ఆ విగ్రహములు మరల దొరకువరకు వారు పడిన వేదన కొన్ని కీర్తనలయందు నేటికిని వినవచ్చును. రాజు పిలిచిన రెండు ఆమడల దూరమైన లేని తంజావూరికి పోని మనుజుడు, సుమారు ముప్పది ఆమడల దూరమున నున్న తిరుపతికి ఎట్లు బయలుదేరెను?

పిలిచినది రాజు కాదు. కాంచీపురమున అగస్త్యాశ్రమమునందు వసించుచుండిన ఉపనిషద్బ్రహ్మేంద్రయోగులు సన్న్యాసులు, రామభక్తులు, ఉపనిషత్తులకు వ్యాఖ్యానము రచించిన మహాపండితులు. రామబ్రహ్మముగారికి మిత్రులని కూడ ప్రతీతి. వారు శ్రీముఖము పంపి త్యాగయ్యగారిని కాంచికి రమ్మనిరి. ధనము చూపిన పిలుపును కాదనుట వారికి సులభము. తండ్రివంటి యతి పిలుపును కాదనుట అట్టిది కాదు. 1839వ సంవత్సర ప్రాంతమున, సుమారు డెబ్బది రెండేండ్ల వయస్సున, శిష్యులు వెంటరాగా త్యాగయ్యగారు ఉత్తరదిశకు ప్రయాణమైరి.

ఆ దినములలో దక్షిణదేశమున పొగబండి లేదు. మద్రాసు రాయపురము నుండి వాలాజాకు మొదటి రైలు నడచినది 1856లో. అప్పటికి త్యాగయ్యగారు సిద్ధిపొంది తొమ్మిదేండ్లు గడచినవి. వృద్ధులకు పల్లకియే దిక్కు. బోయీలు దినమునకు రెండు ఆమడలు మోయగలిగినచో గొప్ప. కొల్లిడమును, పెన్నను, పాలారును దాటవలెను. వేసవి యెండ, సత్రములందలి ఇరుకు, క్రొత్త ఊరి నీరు, వీనితోపాటు గాయకునకు మరియొక చింత కలదు. మజిలీ మజిలీకి గాలిలోని తేమ మారుచుండగా తంబుర తీగలు సడలుట, బిగియుట సహజము. దిగిన ప్రతిచోటను శ్రుతి మొదటినుండి కూర్చుకొనవలెను. పూజావిగ్రహములకు నిత్యార్చన తప్పరాదు. గృహస్థుడు యాత్రకు పోవుట వేరు. దేవుని వెంట దీసికొని యాత్రకు పోవుట వేరు.

కాంచియందు వరదరాజస్వామిని స్వరభూషణి, రాగపంజర రాగములలోను, కామాక్షీదేవిని మధ్యమావతి యందును కీర్తించిరి. ఈ యాత్రలోనే వాలాజాపేటకును వేంచేసిరి. అచట నుండువారు వేంకటరమణ భాగవతులు. సౌరాష్ట్ర కులజుడగు ఈ శిష్యుడు మొదట తంజావూరు సమీపమునందలి అయ్యంపేటలో నుండి, తిరువయ్యారునకు నడచిపోయి విద్య నభ్యసించినవాడు. గురువుగారు తన వాకిట దిగిన దినము ఆయనకెట్టి పర్వదినమైనదో ఊహించుకొనవచ్చును. అచట మైసూరు సదాశివరావుగారు త్యాగయ్యగారి రాకను గూర్చి తోడి రాగమున ఒక కృతి రచించి వారి సన్నిధిని పాడిరి. ఎవ్వరిని గూర్చియు స్తుతిగీతము కట్టనొల్లని గాయకుని గూర్చి మరియొక వాగ్గేయకారుడు స్తుతిగీతము కట్టుట ఒక వింత.

తరువాత తిరుపతి. అప్పటికి తిరుమల ఆలయ పరిపాలన ఇంకను ఈస్టిండియా కంపెనీవారి యధీనముననే యుండెను. హాథీరాంజీ మఠము మహంతులకు అది అప్పగింపబడినది 1843లో. కొండకు బండిదారి లేదు. అలిపిరి నుండి మెట్లెక్కుటయో, డోలీలో పోవుటయో తప్ప వేరు మార్గము లేదు. ఏడు కొండలు దాటి, మహాద్వారము గడచి, త్యాగయ్యగారు సన్నిధిని నిలుచునప్పటికి గర్భాలయమునకు తెర వేసియున్నది. దూరము నడచివచ్చిన యాత్రికులందరకును తెలిసిన కష్టమే ఇది. ఇంత దూరము వచ్చి, ఇంత దగ్గర నిలిచి, చూడలేకపోవుట.

మరియొకరైనచో అర్చకులను బతిమాలియుందురు. పేరుగల విద్వాంసుడైనచో తన పేరు చెప్పుకొనియుండును. త్యాగయ్యగారు గౌళిపంతు రాగము నెత్తుకొనిరి. ఆ కీర్తనయందు వారు తొలగింపుమని వేడినది గుడిలోని తెరను కాదు, తమలోని మదమాత్సర్యముల తెరను. ఆకలిగొన్నవానికి అన్నమున అడ్డుతగులు ఈగ వంటివి, హరిధ్యానవేళ చిత్తము దారితప్పుట వంటివి కొన్ని ఉపమానములు చెప్పుకొని, తప్పు తమదేయని ఒప్పుకొనిరి. తెర దానంతట అదియే తొలగెననియు, స్వామి దివ్యమంగళవిగ్రహము దర్శనమైనదనియు పెద్దలు చెప్పుచున్నారు. ఆనందమున వెంటనే మధ్యమావతి రాగమున శ్రీవేంకటేశ్వరుని కీర్తించిరి. ఆయనను సేవించుటకు పదివేల కన్నులు కావలెనని ఆ కీర్తన భావము. డెబ్బది దాటిన కన్నులు రెండే మరి! తెర కదలినదా లేదా యని వాదించువారు ఉందురు. ఆ కీర్తన తిరుమల తెర యెదుట పుట్టినదని మాత్రము సంగీతలోకము అంగీకరించినది.

కొండ దిగి పుత్తూరు మీదుగా పోవుచుండగా జరిగిన కథ మరియొకటి. దారి నడచి అలసిన ఒక గృహస్థుడు రాత్రివేళ గుడి ప్రాకారమెక్కి లోని కాబోలునని దిగబోయి, బావిలో పడి మరణించెను. భార్యాబిడ్డలు శవముమీద పడి రోదించుచుండిరి. త్యాగయ్యగారు పల్లకి నాపించి, బిలహరి రాగమున రాముని ప్రార్థించుచు తాము రచించిన కీర్తనను శిష్యులచే పాడించి, తులసితీర్థము ఆ శవముపై చల్లించిరనియు, ఆతడు నిద్రలేచినవానివలె లేచెననియు కథ. ఆ కీర్తనలో మహిమ చేయుదునను మాట యెచటను లేదు. తనకు రాముడే ప్రాణాధారమను మొర తప్ప మరేమియు లేదు. ఆ యూరివారు గుమిగూడి నమస్కరింపబోగా, అది రామానుగ్రహమని చెప్పి వారు పల్లకి కదలించిరట.

మద్రాసున కోవూరు సుందరేశ మొదలియారుగారు బసయిచ్చిరి. ఆయన సంపన్నుడు, సంగీతరసికుడు. ఆ నగరమునందలి ఆయన యింట త్యాగయ్యగారు పలుదినములు పాడిరి. ఒక్క దేవగాంధారి రాగమునే దినముల తరబడి విస్తరించిరని ప్రసిద్ధి. వినుటకు విద్వాంసులు క్రిక్కిరిసిరి. శిష్యుడగు వీణ కుప్పయ్యరుగారు తిరువొత్తియూరికి పిలుచుకొనిపోగా అచట త్రిపురసుందరీదేవిపై అయిదు కీర్తనలు వెలువడినవి. రామభక్తుడు శివాలయమునకేల పోయెనని శంకించు వైష్ణవులు కొందరుండవచ్చును. త్యాగయ్యగారికి ఆ శంక లేదు. ఏ గుడి వాకిట దిగినను అచటి దేవునే పాడిరి. పాడిన హృదయము మాత్రము రామునిదే.

మద్రాసు సమీపమునందలి కోవూరు మొదలియారుగారి స్వగ్రామము. ఇచట యాత్రలోకెల్ల కఠినమైన పరీక్ష వచ్చినది. నెలల తరబడి ఆదరించి, ఊరికి కొనివచ్చి, పల్లకితో, పరిచారకులతో సేవించిన గృహస్థు తనపై ఒక కృతి రచింపుమని కోరెను. ఇది రాజాజ్ఞ కాదు. తిరస్కరించి తలుపు మూసికొనుటకు తిరువయ్యారు కాదు. అన్నము పెట్టినవాని కోరిక. అట్టివేళ ఎందరు విద్వాంసులు నాలుగు మాటలు పొగడి ఋణము తీర్చుకొనలేదు? త్యాగయ్యగారు ఆ యూరి శివునిపై, సుందరేశ్వరునిపై, శహాన రాగమున కీర్తన పాడిరి. ఒకటి కాదు, అయిదు. అవియే కోవూరు పంచరత్నములు. దేవుని పేరు సుందరేశ్వరుడు, గృహస్థు పేరు సుందరేశుడు. మొదలియారుగారికి కోపము వచ్చినట్లు ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. ఆయన పేరు నేటికిని నిలిచినది ఆ కీర్తనల మూలముననే. తనపై కృతి వచ్చియుండినచో నిలిచియుండెడిదో లేదో.

సంభావన ఇచ్చినచో గైకొనరని ఆయనకు తెలియును. కావున సెలవు తీసికొనునప్పుడు వేయి బంగారు నాణెములు మూటగట్టి, త్యాగయ్యగారి కంటబడకుండ పల్లకిలో పెట్టించి, అది శ్రీరామనవమి ఉత్సవమునకని ఒక శిష్యునకు మాత్రము రహస్యముగా చెప్పెను. మంచి మనస్సుతో చేసిన పని. కాని శిష్యుని అవస్థ ఎట్టిదో ఆలోచింపుడు. గురువునకు చెప్పినచో మూట వెనుకకు పోవును. చెప్పకున్నచో గురువును మోసగించినట్లు. ఆ బరువును మోసినది బోయీల భుజములు మాత్రమే కాదు.

చీకటిపడు వేళకు పల్లకి ఒక అడవిదారిని పోవుచుండగా దొంగలు వెంబడించి రాళ్లు రువ్విరి. శిష్యులు గడగడ వణకిరి. మన వద్ద ఏమున్నదని ఈ భయమని త్యాగయ్యగారు అడుగగా, అప్పుడు గాని ఆ శిష్యుడు నిజము చెప్పలేదు. వారు కోపింపలేదు. నాణెములు తమవి కావనియు, రాముని ఉత్సవమునకు చేరినవి కావున వానిని కాచుకొనుట రాముని పనియే యనియు పలికి, దర్బారు రాగమున ముందు వెనుకల, ఇరుప్రక్కల తోడుగా నడచిరమ్మని రామలక్ష్మణులను పిలిచిరి. దొంగలు మరల దరిచేరలేదు. తెల్లవారిన పిదప వారే వచ్చి పాదములపై బడి, విల్లంబులు ధరించిన ఇద్దరు యువకులు పల్లకి కిరుప్రక్కల నడచుచు తమను బాణములతో తరిమిరని చెప్పి, వారెవ్వరని అడిగిరట. త్యాగయ్యగారు కన్నీరు కార్చిరి. ఇన్నేండ్లు పూజించిన తనకు కానరాని ఆ రూపము దొంగలకు కనబడినదే యని ఆ దుఃఖము.

పిమ్మట నాగపట్టణమును సేవించిరి. శ్రీరంగమును సేవించినప్పటి వృత్తాంతమును వైష్ణవులు ముచ్చటగా చెప్పుకొందురు. రంగనాథుడు వాహనముపై వీథికి వేంచేసిన సమయము. జనసమ్మర్దమున వృద్ధుడగు త్యాగయ్యగారికి దగ్గరకు చేరుటకు వీలుగాక, దూరముననే నిలిచిపోయిరి. ఇంతలో వాహనము కదలలేదు. మోయువారు ఎంత ప్రయత్నించినను అడుగు పడలేదు. కారణమేమని వెదుకగా గుంపు వెనుక నిలిచి పాడుచున్న వృద్ధుడు కనబడెను. ఆయనను ముందునకు కొనివచ్చి దర్శనము చేయించిన పిదప గాని ఉత్సవము సాగలేదట. శ్రీరంగపతిపై కూడ అయిదు కీర్తనలు కలవు. లాల్గుడి యందు శిష్యుడగు రామయ్యరు ఆతిథ్యమీయగా సప్తర్షీశ్వరునిపై, ప్రవృద్ధ శ్రీమతీదేవిపై మరి అయిదు. ఆ రామయ్యరు వంశమునందే వయొలిన్ విద్వాంసులగు లాల్గుడి జయరామన్ గారు జన్మించిరి.

లాల్గుడి నుండి తిరువయ్యారు దూరము కాదు. ఇల్లు చేరిన పిదప వేయి నాణెములును శ్రీరామనవమి ఉత్సవమునకే వినియోగమైనవి. గురువు వెంట నడచిన శిష్యుల కంఠములలో దారిపొడుగున పుట్టిన కీర్తనలు మిగిలినవి. వాలాజాపేట వేంకటరమణ భాగవతులును, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులును వ్రాసి దాచిన ప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరినవి. త్యాగయ్యగారు మరి ఏడెనిమిదేండ్లు జీవించి, తుదిని సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందిరి. యాత్ర ముగిసిన మరునాడు మొదలుకొని ఆ యింట పూర్వపు పద్ధతియే నడచినది. తెల్లవారగనే తంబుర శ్రుతి చేసికొని, చిడతలు పుచ్చుకొని, పాత్రతో వీథిలోనికి బయలుదేరుటయే.