ఆ మోటార్ ఎంతసేపు తిరగాలి?

పాత లారీలో కీ తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోయిందనుకోండి. సెల్ఫ్ పోయిందంటారు మెకానిక్‌లు. ఆ సెల్ఫ్ మోటార్‌ను ఊడదీసి ఇంజిన్ పక్కన పెట్టి చూడండి. ఒక మనిషి రెండు చేతులతో ఎత్తగలిగేంత ఉంటుంది, అంతే. ఇంత చిన్న వస్తువు ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌ని ఎలా తిప్పుతుందబ్బా అనిపిస్తుంది.

నూరేళ్ల కిందట ఇంజినీర్లకూ ఇదే సందేహం. ఇంజిన్‌ని తిప్పాలంటే దాదాపు ఇంజిన్ అంత మోటార్, దానికి తగ్గ బ్యాటరీ కావాలి, అది అయ్యే పని కాదని చాలామంది తేల్చేశారు. అవుతుందని చేసి చూపించిన వ్యక్తి చార్లెస్ కెటరింగ్. డిగ్రీ చేతికొచ్చేసరికి ఆయనకు 27 ఏళ్లు. మధ్యలో చదువు ఆపేసి టెలిఫోన్ స్తంభాలకు గుంతలు తవ్వారు. మొదటి ఉద్యోగం కార్ల కంపెనీలో కాదు, షాపుల్లో వాడే క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో. రెజ్యుమెలో గ్యాప్ ఉందనో, కోర్ జాబ్ రాలేదనో మీరు దిగులు పడుతుంటే ఈ జీవితం మీరు తెలుసుకోవాల్సిందే.

కళ్లు సహకరించలేదు

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ దగ్గరి పొలాల్లో పుట్టారు. రైతు కుటుంబం. చిన్నప్పటి నుంచీ చూపు సమస్య. కాసేపు పుస్తకం పట్టుకుంటే తలనొప్పి. స్కూలు చదువు అయ్యాక పల్లెటూరి బడిలో టీచర్‌గా చేసి, తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరారు. కళ్లు మళ్లీ మొరాయించాయి. చదువు ఆపక తప్పలేదు.

ఇంట్లో కూర్చోలేదాయన. టెలిఫోన్ లైన్లు వేసే ముఠాలో కూలీగా చేరారు. గుంతలు తవ్వడం, స్తంభాలు నిలబెట్టడం, తీగలు లాగడం. కొద్దికాలానికే ఆ ముఠాకు మేస్త్రీ అయ్యారు. కరెంటు, తీగలు, కనెక్షన్లు ఆయనకు చేతులతో అర్థమైంది అక్కడే. ఆరోగ్యం కుదుటపడ్డాక తిరిగి కాలేజీకి వెళ్లారు. రూమ్మేట్లు పాఠాలు చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకుని, 1904లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు.

గల్లాపెట్టెలో దొరికిన కిటుకు

కాలేజీ నుంచి నేరుగా డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరారు. అప్పటి క్యాష్ రిజిస్టర్లకు పిడి తిప్పాలి. తిప్పితేనే అంకెలు కదిలి, గల్లాపెట్టె తెరుచుకుంటుంది. ఆ పిడి లేకుండా మోటార్ పెట్టడం కెటరింగ్‌కి అప్పగించిన పని.

పెద్ద మోటార్ పెడితే కౌంటర్ మీద పట్టదు. చిన్న మోటార్‌కి అంత బలం ఎక్కడిది? ఇక్కడే ఆయన వేసుకున్న ప్రశ్న చూడండి. ఆ మోటార్ ఎంతసేపు తిరగాలి? రోజంతా కాదు. ఒక్కో అమ్మకానికి ఒకట్రెండు సెకన్లు. తర్వాత ఖాళీయే.

మీరు క్లాసులో చదివిందే ఇది. మోటార్‌కి ఎక్కువ కరెంటు ఇస్తే ఎక్కువ టార్క్ ఇస్తుంది. మరి కాలిపోదా? కాలిపోయేది వేడి వల్ల. వేడి పేరుకోవడానికి టైమ్ పడుతుంది. ఆలోపే పని ముగించి, చల్లారనిస్తే చిన్న మోటార్ తన రేటింగ్‌కి మించిన బరువు లాగేస్తుంది. ఈ లెక్కతో ఎలక్ట్రిక్ క్యాష్ రిజిస్టర్ తయారైంది.

హ్యాండిల్ కొట్టే రోజులు

అప్పట్లో కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ కొట్టాలి. బలం కావాలి, ధైర్యం కూడా కావాలి. ఇంజిన్ ముందుగా అంటుకుంటే హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరిగేది, దవడ పగిలేది.

కెటరింగ్, ఆయన సహోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్ ఉద్యోగం చేస్తూనే రాత్రిళ్లు, సెలవు రోజుల్లో డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో కార్ల పనిమీద కూర్చునేవారు. ముందు మెరుగైన ఇగ్నిషన్ తయారు చేశారు. క్యాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలాండ్ దానికి ఆర్డర్ ఇచ్చారు. 1909లో కెటరింగ్ ఉద్యోగం వదిలేసి, డీడ్స్‌తో కలిసి డెల్కో కంపెనీ పెట్టారు. ఆర్డర్ చేతికొచ్చాకే ఉద్యోగం వదిలారన్నది గమనించండి.

తర్వాత లేలాండ్ అడిగింది హ్యాండిల్ అక్కర్లేని కారు. కెటరింగ్ పాత ప్రశ్ననే మళ్లీ వేసుకున్నారు. ఇంజిన్ అంటుకునేదాకా ఎంతసేపు తిప్పాలి? కొన్ని సెకన్లు. గల్లాపెట్టె లెక్క కారులోకి వచ్చేసింది. పైగా ఆయన మోటార్ రెండు పనులు చేసేది. ముందు ఇంజిన్‌ని తిప్పేది. ఇంజిన్ అంటుకున్నాక అదే జనరేటర్‌గా మారి బ్యాటరీని చార్జ్ చేసేది. 1911లో క్యాడిలాక్‌లో బిగించి చూపించారు. 1912 మోడల్ కార్లు హ్యాండిల్ అవసరం లేకుండా మార్కెట్లోకి వచ్చాయి. 1919కి ఫోర్డ్ మోడల్ టీలోనూ ఎలక్ట్రిక్ స్టార్టర్ అందుబాటులోకి వచ్చింది.

మీ చేతిలో స్పానర్ ఉంటే

మెకానికల్, ఆటోమొబైల్, డిప్లొమా, ఐటీఐ వాళ్లు అవకాశం దొరికితే పాత లారీ సెల్ఫ్ మార్చే పని దగ్గరుండి చూడండి. వీలైతే అనుభవం ఉన్న మెకానిక్ పక్కన ఉండగా చేయండి.

మోటార్‌నే అనుమానించే ముందు బ్యాటరీ టెర్మినల్స్ మీద పొడి పట్టిందేమో, ఎర్త్ కేబుల్ వదులైందేమో చూడాలి. కీ తిప్పగానే హెడ్‌లైట్లు బాగా మసకబారితే ముందు బ్యాటరీని, కేబుళ్లను చూడాలి. లైట్లు తగ్గకుండా టక్‌మని మాత్రమే అంటే సోలినాయిడ్‌నో, మోటార్‌నో అనుమానించాలి.

విప్పే ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి వెళ్లొద్దు. బ్యాటరీ ఎర్త్ కేబుల్ మొదట తీయాలి. ఎందుకంటే సెల్ఫ్‌కి వచ్చే లావు కేబుల్‌లో కీ ఆఫ్ చేసినా కరెంటు ఉంటుంది. స్పానర్ అటు దానికీ ఇటు బాడీకీ తగిలిందో, మంటలే.

వైర్లు విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చివరి బోల్టు వదిలేటప్పుడు మోటార్ బరువు చేతి మీద ఆనుకుని ఉండాలి. బయటికి తీశాక ఆ రంధ్రంలోంచి ఫ్లైవీల్ రింగ్ గేర్ పళ్లు అరిగాయేమో చూడండి. పాత మోటార్ పినియన్ పళ్లు, కొత్తదాని పళ్లు లెక్క సరిపోవాలి. వోల్టేజ్ కూడా. మోటార్ ఆనే చోట తుప్పు, గ్రీజు తుడవాలి. చాలా బళ్లలో ఎర్త్ అక్కడి నుంచే అందుతుంది. అన్నీ బిగించాక, ఎర్త్ కేబుల్ ఆఖర్న.

ఇక స్టార్ట్ చేసేటప్పుడు ఒక్కసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దని, మధ్యలో చల్లారనివ్వాలని సీనియర్లు చెబుతారు. అది ఉత్త జాగ్రత్త కాదు. కెటరింగ్ లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంది. కొన్ని సెకన్ల కోసం పుట్టిన మోటార్‌ని నిమిషాల తరబడి తిప్పితే మీ కొత్త మోటార్ కూడా కాలిపోతుంది.

ఎదురుదెబ్బ, ఒక మచ్చ

డెల్కో చివరికి జనరల్ మోటార్స్‌లో కలిసింది. కెటరింగ్ 1920 నుంచి 1947 దాకా ఆ సంస్థ పరిశోధన విభాగాన్ని నడిపారు. అన్నీ గెలుపులే కాదు. నీళ్ల బదులు గాలితో చల్లబడే రాగి రెక్కల ఇంజిన్ మీద ఆయన చాలా ఆశ పెట్టుకున్నారు. 1923లో ఆ షెవర్లే కార్లు కొన్ని వందలు తయారయ్యాక సమస్యలు బయటపడి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆయన రాజీనామాకు సిద్ధపడ్డారు. అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ వదులుకోలేదు.

ఇంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. ఇంజిన్‌లో నాకింగ్ తగ్గించడానికి పెట్రోల్‌లో సీసం కలిపే పద్ధతిని 1921లో కనిపెట్టింది ఆయన విభాగంలోని థామస్ మిడ్‌గ్లీ. దాన్ని అమ్మడానికి పెట్టిన ఎథిల్ కంపెనీకి మొదటి అధ్యక్షుడు కెటరింగే. సీసం విషమని అప్పటికే తెలుసు. 1924లో న్యూజెర్సీలోని ఒక ప్లాంట్‌లో అయిదుగురు కార్మికులు చనిపోయారు. అయినా అమ్మకం సాగింది. మన దేశంలో సీసం పెట్రోల్ పూర్తిగా ఆగింది 2000లో.

మోటార్ ఎంతసేపు తిరగాలని అంత పదునుగా అడిగిన మనిషి, ఈ సీసం గాలిలో, మట్టిలో, పిల్లల ఒంట్లో ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్నకు అంత విలువ ఇవ్వలేదు. రేపు మీరు ఏ కంపెనీలో ఏం డిజైన్ చేసినా, రెండో ప్రశ్న కూడా మీ బాధ్యతే.

కెటరింగ్ పేరు మీద 186 పేటెంట్లున్నాయి. న్యూయార్క్‌లోని స్లోన్-కెటరింగ్ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1945లో స్లోన్, ఆయన పేర్లతోనే మొదలైంది. 1958 నవంబరులో, 82 ఏళ్ల వయసులో డేటన్‌లో కన్నుమూశారు.

రెజ్యుమెలో రాసే ముందు

ఏడాది మీసేవ సెంటర్‌లో చేశారా? గోడౌన్‌లో స్టాక్ చూశారా? మామయ్యతో పాటు కరెంటు పనులకు వెళ్లారా? దాన్ని గ్యాప్ అని దాచిపెట్టకండి. ఆ పనిలో ఏది ఎందుకు ఆగిపోయేది, మీరెలా సరిచేశారు, ఎంత టైమ్ మిగిలింది అన్నది ఈ రోజే ఒక పేజీ రాసుకోండి. స్టాక్ లెక్క ఎక్కడ తప్పుతుందో ఏడాది చూసినవాళ్లకు, ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో పుస్తకంలో లేని జవాబు ఉంటుంది.

జాబ్ నోటిఫికేషన్ చూసి, ఇంత పెద్దది నావల్ల కాదనిపించినప్పుడూ అంతే. మొత్తాన్ని చూసి బెదరొద్దు. సిలబస్‌ని రోజులుగా, రోజుని గంటలుగా విడగొట్టి, ఏ భాగానికి నిజంగా ఎంత బలం, ఎంతసేపు కావాలో లెక్క వేయండి. మధ్యలో చల్లారడానికి కాస్త టైమ్ కూడా ఉంచుకోండి.