హక్కుదారుల కోసం లెక్క కట్టిన ఖ్వారిజ్మీ

కంప్యూటర్ చదివే పిల్లల నోట రోజూ వినిపించే మాట అల్గారిథం. ఒక పనిని ఏ వరుసలో, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా చేయాలో చెప్పే పద్ధతికి ఆ పేరు. మా నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వెలసిన నాటి నుంచి మామిడి తోటల నడుమ కూడా ఈ మాట పరిచయమైపోయింది. అయితే అది ఒక మనిషి పేరు నుంచి పుట్టిందని చాలామందికి తెలియదు. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఖ్వారిజ్మీ సుమారు క్రీ.శ. 780లో జన్మించారు. ఆయన పేరు అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజం ప్రాంతాన్ని సూచిస్తుంది. ఆయన జీవితం మాత్రం బాగ్దాద్‌తో ముడిపడింది. 762లో ఖలీఫా మన్సూర్ నిర్మించిన ఆ నగరం కొద్ది దశాబ్దాలకే విద్యకు కేంద్రమైంది. 813 నుంచి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ పండితులను ఆదరించారు. అక్కడి బైతుల్ హిక్మత్‌లో గ్రీకు, పారశీక, భారతీయ గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చే పని సాగేది. ఖ్వారిజ్మీ అక్కడి పండితుల్లో ఒకరు.

మన దేశంతో ఆయనకు గట్టి బంధం ఉంది. బ్రహ్మగుప్తుని సంప్రదాయానికి చెందిన ఖగోళ గణితం మన్సూర్ కాలంలోనే బాగ్దాద్ చేరింది. దాని ఆధారంగా ఖ్వారిజ్మీ గ్రహగతుల పట్టికలు తయారుచేశారు. సున్నాతో కలిపి పది గుర్తులతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాసే భారతీయ పద్ధతిపై ఒక పుస్తకం రాశారు. ఈ విద్య భారతీయులదని అందులోనే చెప్పారు. ఒకరి నుంచి నేర్చుకున్నదాన్ని వారి పేరుతోనే చెప్పడం విద్యావంతుల అమానత్. 12వ శతాబ్దంలో ఆ పుస్తకం లాటిన్‌లోకి వెళ్ళింది. అక్కడివారి నోట అల్ ఖ్వారిజ్మీ అల్గోరిజ్మీ అయ్యారు. కాలక్రమంలో ఆ పేరే పద్ధతికి పేరైంది. ప్రపంచంలోని 2,400కు పైగా స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అంకెల్లో చూపే భూగోళ గ్రంథం కూడా ఆయనదే.

ఇన్ని రాసినా ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చింది జబ్ర్, ముఖాబలాల మీద రాసిన పుస్తకం. మన పిల్లలు బడిలో చదివే ఆల్జీబ్రాకు ఆ పేరు ఇందులోని జబ్ర్ నుంచే వచ్చింది. తగ్గినదాన్ని పూరించడం జబ్ర్. రెండు వైపులా ఉన్నదాన్ని సరితూచడం ముఖాబలా. ఒక సంఖ్య వర్గానికి దాని పదింతలు కలిపితే 39 వస్తుంది, ఆ సంఖ్య ఎంత అని ఆయన అడుగుతారు. జవాబు 3 అని చెప్పి ఊరుకోరు. ప్రతి మెట్టూ మాటల్లో విడమరుస్తారు. ఆపైన చతురస్రం గీసి, అది ఎందుకు నిజమో కంటికి చూపిస్తారు.

ఈ పుస్తకం ఎవరి కోసమో కూడా ఆయన ముందుమాటలోనే తెలిపారు. వారసత్వం, వసీయత్, ఆస్తి పంపకం, వ్యాజ్యం, వ్యాపారం, భూమి కొలత, కాలువ తవ్వకం వంటి పనుల్లో జనానికి అక్కరకు రావాలన్నది ఆయన ఉద్దేశం. పుస్తకంలో దాదాపు సగం వసీయత్, వారసత్వ లెక్కలే. మేము పిల్లలకు ఫరాయిజ్ బోధించేటప్పుడు నేటికీ నడిచే దారి అదే.

ఆయన ఇచ్చిన ఒక లెక్క చూడండి. ఒక స్త్రీ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. ఆస్తిలో ఎనిమిదో వంతు, దానితోపాటు ఏడో వంతు ఒక పరాయి మనిషికి వసీయత్ చేసింది. ఎవరికి ఎంత? మా ప్రాంతపు పోలికతో చెబుతాం. ఆమె వదిలినది 1,120 చిన్న రసాలనుకోండి. ఎనిమిదో వంతు 140, ఏడో వంతు 160. పరాయి మనిషికి మొత్తం 300. ఇది మూడో వంతుకు మించలేదు గనుక వసీయత్ చెల్లుతుంది. మిగిలినవి 820. సంతానం ఉంది కాబట్టి భర్తకు అందులో నాలుగో వంతు, అంటే 205. ఇక 615 ఉన్నాయి. కొడుకుకు 246, ఒక్కో కూతురికి 123. ఒక్క పండునూ ముక్క చేయనక్కర్లేదు, ఒక్కరి హక్కూ పోలేదు. ఆడపిల్లల వాటా అడగకుండానే అన్నదమ్ముల పేర రాయించుకునే ఇళ్ళలో ఈ లెక్క ఒకసారి కూర్చుని వేయాలి.

ఖ్వారిజ్మీ సుమారు 850లో కన్నుమూశారు. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఈ గ్రంథాన్ని స్పెయిన్‌లో లాటిన్‌లోకి అనువదించారు. ఐరోపా బీజగణితం నేర్చింది ఇటువంటి అనువాదాల ద్వారానే. కాని లాటిన్ చేసినప్పుడు వారసత్వ భాగాన్ని వదిలేశారు. లెక్క దేశాలు దాటింది, ఆ లెక్క కాపాడిన హక్కుల అధ్యాయం వెనుక ఉండిపోయింది. నేటి అల్గారిథంల సంగతి చూస్తే అదే గుర్తుకొస్తుంది.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల వద్ద ఉన్న జనుల వివరాలను కలిపి, ఎవరు అర్హులో ఎవరు కారో సూచిస్తుంది. అక్కడ లక్షల రేషన్ కార్డులు ఇంటికి వచ్చి విచారించకుండా, ముందుగా నోటీసు ఇవ్వకుండా రద్దయ్యాయి. రద్దయిన 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పేరు పోలిక వల్ల, ఎన్నడూ కారు కొనని పేద ఇంటికి కారు ఉన్నట్లు నమోదైన ఉదంతం కూడా వెలుగులోకి వచ్చింది. మన ఇళ్ళలో షేక్, సయ్యద్, మహమ్మద్ పేర్లు ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా ఉంటాయి. యంత్రం ఒకరిని మరొకరుగా పొరబడడానికి అది చాలు. ఆ పొరపాటుకు ఆగిపోయేది పిల్లల కంచంలోని అన్నం.

చట్టం మేల్కొంటోంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చేసిన చట్టంలో, తప్పుగా ఉన్న వివరాలను సరిదిద్దమని కోరే హక్కు రాసి ఉంది. అయితే హక్కు కాగితం మీద ఉంటే చాలదు. కార్డు రద్దయితే, పింఛను ఆగితే, కంప్యూటర్ చెప్పిందన్న జవాబుతో వెనక్కి రాకూడదు. కారణం రాతపూర్వకంగా అడగాలి. ఆధార్, రేషన్, బడి రికార్డుల్లో పేరు ఒకే తీరుగా ఉండేలా ముందే చూసుకోవాలి.

కంప్యూటర్ విద్య చదివే మన బిడ్డలకు ఖ్వారిజ్మీ జీవితం నుంచి తీసుకోదగినది ఒకటుంది. ఆయన లెక్కలో ప్రతి మెట్టూ కనిపిస్తుంది. వాటా తగ్గిందని అనుమానించిన కూతురు ఆ మెట్లను తానే సరిచూసుకోగలదు, తప్పుంటే ఖాజీ ముందు చూపగలదు. ఒక కుటుంబం హక్కును తేల్చే ప్రోగ్రాం ఎవరు రాసినా, ఆ కుటుంబం అడిగితే విడమరిచి చూపగలిగేలా రాయాలి. అప్పుడే ఆ పద్ధతికి ఖ్వారిజ్మీ పేరు తగినట్లు.