పులివెందుల పక్కగా పోయే గీత

మా ప్రొద్దుటూరోళ్ళకు ఒక గర్వం ఉంది. బంగారం అంగళ్ళు, బట్టల అంగళ్ళు చూపించి మాది రెండో బొంబాయి అని చెప్పుకుంటాం. ఆ మొదటి బొంబాయి నుంచి మా కడప జిల్లా మీదుగా ఆకాశంలో ఒక పాత దారి ఉందని మాత్రం నాకు ఈ మధ్య దాకా తెలీదు.

అది బయటపడింది కంప్యూటర్ ల్యాబ్‌లో. రెండు ఊళ్ళ అక్షాంశాలు, రేఖాంశాలు ఇస్తే మధ్య దూరం లెక్కగట్టే పైథాన్ ప్రోగ్రాం రాయమన్నారు. అందరూ హైదరాబాదు, బెంగళూరు పెట్టారు. నేను బళ్ళారి, మద్రాసు పెట్టాను. ఎందుకంటే 1932లో టాటాల మొదటి టపా విమానం కరాచీలో బయల్దేరి అహ్మదాబాదు, బొంబాయి, బళ్ళారి మీదుగా మద్రాసుకు వెళ్ళిందని ఆ వారమే చదివాను. దూరం దాదాపు 425 కిలోమీటర్లు వచ్చింది. అంతటితో ఊరుకోకుండా ఆ గీతను మ్యాపు మీద గీశాను. అది మా అవ్వ వాళ్ళ ఊరు పులివెందులకు దక్షిణంగా, ఓ పది కిలోమీటర్ల దూరంలో పోతోంది! జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రెండూ దానికి ఉత్తరాన అరవై కిలోమీటర్ల దగ్గర ఉన్నాయి.

పైలట్లు అచ్చంగా ఆ గీత మీదే వెళ్ళారని నేను చెప్పను. అప్పుడు ఆ విమానాల్లో రేడియో కూడా లేదు. కింద కనబడే నదులు, రైలు పట్టాలు చూసుకుంటూ పోవడం ఆ రోజుల్లో మామూలే. సరే, పట్టాలు పట్టుకొని పోయినా గుంతకల్లు, తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప. ఎట్లా చూసినా మా ఆకాశమే. అందుకే ఆ దారి వేసిన మనిషి గురించి చదవడం మొదలుపెట్టాను. ఆయన జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. అందరికీ తెలిసిన పేరు జె.ఆర్.డి.

ముందే ఒక నిజం ఒప్పుకుంటాను. మొదట్లో నాకు ఆయనంటే కొంచెం కుళ్ళు. ఇంటర్ అయ్యాక నాకు పైలట్ కావాలని ఉండేది. కమర్షియల్ లైసెన్సు రావాలంటే 200 గంటలు ఎగరాలి, ప్రతి గంటకూ డబ్బే. మొత్తం ఎంతవుతుందో చెప్పినప్పుడు మా నాయన ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం పొలం ఇప్పుడు ఎంత పలుకుతుందో అని అమ్మతో లెక్కలు మొదలుపెట్టాడు. అది విన్నాక నేనే వద్దన్నాను. సి.ఎస్.ఇ.లో చేరిపోయాను. అందుకే ఇండియాలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్సు ఒక టాటాకు దక్కిందని చదివినప్పుడు, వాళ్ళకు రాకపోతే ఇంకెవరికి వస్తుందిలే అనుకున్నాను. ఆ మాట తప్పు కాదు. కానీ కథంతా అదే కాదని చదివే కొద్దీ తెలిసింది.

జె.ఆర్.డి. 1904 జూలై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి టాటా కుటుంబం మనిషి, తల్లి సుజాన్ ఫ్రెంచ్ ఆవిడ. ఫ్రాన్సులో ఆర్డెలో అనే సముద్రతీర గ్రామంలో వాళ్ళకు ఒక ఇల్లుండేది. 1909లో ఇంగ్లిష్ ఛానల్‌ను విమానంలో మొదటిసారి దాటిన లూయీ బ్లేరియో ఇల్లు కూడా అక్కడే. ఆయన విమానాలు ఇసుక మీద దిగుతుంటే ఈ పిల్లవాడు చూస్తూ పెరిగాడు. పదిహేనేళ్ళప్పుడు డబ్బులిచ్చి ఎక్కే విమానంలో ఒక రౌండు తిరిగి వచ్చాడు. ఇక అంతే, ఆ పిచ్చి జన్మంతా వదల్లేదు.

మన కాలేజీ వాళ్ళకు ఆసక్తిగా ఉండే సంగతి ఇంకొకటి. ఆయనకు కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదవాలని ఉండేది. ఫ్రెంచ్ సైన్యంలో తప్పనిసరి సర్వీసు ఒక ఏడాది చేశాక, 1925 చివర్లో తండ్రి బొంబాయికి రమ్మన్నారు. జీతం లేని అప్రెంటిస్‌గా పని నేర్చుకోవడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే తండ్రి పోయారు. ఇరవై రెండేళ్ళకే ఇంటి బాధ్యత మీద పడింది. కేంబ్రిడ్జి ఇంక లేదు. అటెండెన్స్ కోసం తిట్టుకుంటూ మనం చదువుతున్న ఇంజనీరింగు డిగ్రీ తనకు లేదని ఆయన చివరిదాకా బాధపడ్డారట.

బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్బు పెట్టగానే ఆయన చేరిపోయారు. పక్కన గురువు కూర్చుని నేర్పింది మొత్తం 3 గంటల 45 నిమిషాలు. ఆ తర్వాత ఒంటరిగా ఎగిరారు. 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు చేతికొచ్చింది. దాని మీద నంబరు 1. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు. తర్వాత సొంతానికి ఒక జిప్సీ మాత్ విమానం కొనుక్కున్నారు. ఇక్కడిదాకా ఇది డబ్బున్న కుర్రవాడి కథే. నా అభిప్రాయం మారింది ఆ తర్వాతి ఏడాది దగ్గర.

ఇండియా, ఇంగ్లాండుల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు ఇస్తానని ఆగాఖాన్ ఒక పోటీ ప్రకటించారు. 1930 మే 3న జె.ఆర్.డి. కరాచీ నుంచి బయల్దేరారు. ఎదురు దిక్కున, ఇంగ్లాండు నుంచి కరాచీ వైపు, ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రవాడు వస్తున్నాడు. వయసు పదిహేడు, అంటే నాకంటే రెండేళ్ళు చిన్న. ఈజిప్టులో అబూకిర్ అనే చోట జె.ఆర్.డి. దిగేసరికి ఆస్పీ అక్కడే ఇరుక్కుపోయి ఉన్నాడు. ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ కావాలి, అతని దగ్గర లేదు.

ఆ ప్లగ్ జె.ఆర్.డి. దగ్గర ఉంది. ఇవ్వకపోయినా ఎవరూ తప్పు పట్టరు, పోటీ పోటీయే. ఆయన తీసి ఇచ్చేశారు. దానికి బదులుగా ఆస్పీ తన లైఫ్ జాకెట్ ఇచ్చాడు. ఇద్దరూ చెరో దిక్కుకు ఎగిరిపోయారు. కొద్ది తేడాతో ఆస్పీ గెలిచాడు, జె.ఆర్.డి. ఓడిపోయారు. ఆ కుర్రవాడే తర్వాత 1960లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు.

నేను ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. హాస్టల్లో పరీక్ష ముందు రాత్రి ముఖ్యమైన ప్రశ్నలు అడిగితే, తెలిసి కూడా తెలీదని చెప్పిన సందర్భాలు నాకున్నాయి. విమానం కొనడానికి డబ్బుంటే చాలు. ఆ ప్లగ్ ఇవ్వడానికి డబ్బు సరిపోదు కదా.

ఇక టపా సంగతి. నెవిల్ విన్సెంట్ అనే ఆయన ఇంగ్లాండు వాయుసేనలో పనిచేసిన పైలట్. విమానం తెచ్చుకొని మన దేశంలో ఊరూరా తిరుగుతూ, డబ్బు తీసుకొని జనాన్ని ఎక్కించి తిప్పేవాడు. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం ఉత్తరాలను కరాచీ దాకా తెచ్చేది. అక్కడ నుంచి దక్షిణాదికి రైల్లో రోజులు పట్టేది. ఆ మధ్య దూరం మనం ఎగురుదామని విన్సెంట్ ఆలోచన. జె.ఆర్.డి.కి అది నచ్చింది కానీ, టాటాల పెద్ద దొరాబ్జీకి ఇష్టం లేదు. జాన్ పీటర్సన్ అనే పెద్ద అధికారి నచ్చజెప్పాక, 2 లక్షల రూపాయల పెట్టుబడికి ఒప్పుకున్నారు. ప్రభుత్వం సబ్సిడీ ఏమీ ఇవ్వలేదు. మోసిన టపాకు కూలి, అంతే.

రెండు పుస్ మాత్ విమానాలు కొన్నారు. ఒకే ఇంజన్, చిన్న క్యాబిన్, గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగం. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి టపా సంచులతో జె.ఆర్.డి. బయల్దేరారు. అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయి. బొంబాయిలో జుహూ మైదానంలో దిగారు. అక్కడ నుంచి బళ్ళారి మీదుగా మద్రాసుకు రెండో విమానం తీసుకెళ్ళింది విన్సెంట్. అంటే మా పులివెందుల వైపు వచ్చింది జె.ఆర్.డి. కాదు, ఆయన స్నేహితుడు. జుహూలో వానాకాలం వస్తే నేలంతా నీళ్ళే, అప్పుడు పూనాకు మకాం మార్చేవాళ్ళు. అయినా మొదటి ఏడాది 155 మంది ప్రయాణికులు ఎక్కారు, 60,000 రూపాయల లాభం వచ్చింది. ఆ విన్సెంట్ 1942లో, యుద్ధం రోజుల్లో, ఇంగ్లాండుకు వెళ్తున్న ఒక సైనిక విమానం ఎక్కి మళ్ళీ తిరిగి రాలేదు.

1946లో టాటా ఎయిర్‌లైన్స్ పేరు ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు మలబార్ ప్రిన్సెస్ విమానం వెళ్ళింది. ఎద్దుల బండి పెట్రోలుకూ దీనికీ మధ్య పదహారేళ్ళే.

తర్వాత దెబ్బ పడింది. 1953లో ప్రభుత్వం విమాన సంస్థలన్నిటినీ జాతీయం చేసింది. మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసిపోయింది. జె.ఆర్.డి. గట్టిగా వ్యతిరేకించారు, లాభం లేకపోయింది. పరిహారం ఇచ్చారు, సంస్థ తీసుకున్నారు. ఇష్టం లేని అమ్మకం అన్నమాట. మళ్ళీ ఆ ప్రభుత్వమే ఎయిర్ ఇండియాకు చైర్మన్‌గా ఉండమని ఆయన్నే అడిగింది. మీరైతే ఏం చేస్తారో నాకు తెలీదు. నేనైతే కోపంతో వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన ఒప్పుకొని, తనది కాని సంస్థకు ఇరవై ఐదేళ్ళు పనిచేశారు, జీతం లేకుండా. విమానం ఎక్కితే కర్టెన్ల దగ్గర నుంచి భోజనం దాకా అన్నీ గమనించి, కాగితం మీద రాసి ఆఫీసుకు పంపేవారు.

1978 ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఆయన్ను చైర్మన్ పదవి నుంచి తీసేసింది. ఆ కబురు కూడా ప్రభుత్వం నుంచి నేరుగా రాలేదు, ఆయన స్థానంలోకి వచ్చిన పి.సి. లాల్ నోట తెలిసింది. డెబ్భై మూడేళ్ళ మనిషికి అది ఎంత బాధ అయ్యుంటుందో ఊహించుకోండి. 1980లో బోర్డులోకి మళ్ళీ పిలిచారు కానీ చైర్మన్‌గా కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత జరిగింది. 1982 అక్టోబర్ 15న, మొదటి టపాకు యాభై ఏళ్ళు నిండిన రోజున, డెబ్భై ఎనిమిదేళ్ళ జె.ఆర్.డి. లెపర్డ్ మాత్ అనే పాతకాలం విమానం ఎక్కి కరాచీ నుంచి బొంబాయికి తనే నడుపుకుంటూ వచ్చారు. సంస్థ చేతిలో లేదు, పదవి లేదు. దారి మాత్రం గుర్తుంది.

1992లో భారతరత్న ఇచ్చారు. 1993 నవంబర్ 29న జెనీవాలో చనిపోయారు. 2021లో ప్రభుత్వం ఎయిర్ ఇండియాను అమ్మకానికి పెడితే టాటాలు 18,000 కోట్లకు పాడారు. 2022 జనవరి 27న అది మళ్ళీ వాళ్ళ చేతికి వచ్చింది. 2 లక్షలతో మొదలైనదాన్ని తిరిగి కొనడానికి అన్ని వేల కోట్లు! చూడటానికి ఆయన లేరు.

నాకు అర్థమైంది ఇది. లైసెన్సు ఆయనకు డబ్బు వల్ల వచ్చింది, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ పోటీ ఓడిపోయినప్పుడూ, సంస్థ పోయినప్పుడూ, పదవి పోయినప్పుడూ డబ్బు ఏమీ చేయలేకపోయింది. మూడుసార్లూ పని మీద ఇష్టం మిగిలింది. విమానం ఎవరి పేరు మీద ఉందన్నది ఆయనకు రెండో సంగతి, అది బాగా ఎగరడం మొదటిది. నా కుళ్ళు పూర్తిగా పోయిందని అనను, తగ్గింది.

మొన్న సెలవుల్లో పులివెందుల వెళ్ళాను. రాత్రి మిద్దె మీద పడుకుంటే పైన ఒక దీపం మినుకుమినుకుమంటూ పోయింది. ముంబై నుంచి చెన్నైకి గీత గీస్తే అది పులివెందుల, జమ్మలమడుగుల మధ్యగా పోతుందని అప్పటికే లెక్కేసి ఉన్నాను. గాలిమోటరు పోతాందని అవ్వ చెయ్యి చూపించింది. నేను 1932 సంగతి అంతా చెప్పాను. ఉత్తరాల కోసం అంత కష్టమా అని అడిగింది. అవునన్నాను. కాసేపాగి, నువ్వు ఎప్పుడు నడుపుతావని అడిగింది.

పొలం అమ్మకుండా నడుపుతానని చెప్పాను. ఎట్లా అనేది ఇంకా తెలీదు. ముందు ఉద్యోగం రావాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 40 గంటలు చాలట. ఫోనులో ఒక ఫైలు తెరిచి నెలకు ఎంత దాచాలో లెక్క మొదలుపెట్టాను. ఆ ఫైలుకు నంబరు 1 అని పేరు పెట్టాను.