ఎలిజా డ్రేపర్

ఎలిజా డ్రేపర్ (1744 ఏప్రిల్ 5 - 1778 ఆగష్టు 3) ఆంగ్ల నవలాకారుడు లారెన్స్ స్టెర్న్ రచనల ద్వారా ప్రసిద్ధి చెందిన మహిళ. 18వ శతాబ్దపు ఆంగ్ల సాహిత్యంలో ఈమె ఒక నాయికగా నిలిచిపోయింది. భర్త ఇల్లు విడిచిన తరువాత ఈమె మచిలీపట్నం పాలనలో ఉన్న తెలుగు సీమలో ఆశ్రయం పొందింది.

బాల్యము, వివాహము

ఎలిజా నేటి కేరళలోని అంజెంగోలో జన్మించింది. తండ్రి మే స్క్లేటర్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఎలిజా పసితనంలోనే ఆయన మరణించాడు. ఆమెను చదువు కోసం ఇంగ్లాండుకు పంపారు. 1757లో తిరిగి వచ్చిన ఎలిజాకు 1758 జూలై 28న, పద్నాలుగేళ్ళ వయసులో, తనకంటె చాలా పెద్దవాడైన కంపెనీ అధికారి డేనియల్ డ్రేపర్‌తో బొంబాయిలో వివాహమైంది. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగారు. 1765లో పిల్లల చదువు నిమిత్తం ఆమె ఇంగ్లాండు వెళ్ళింది.

స్టెర్న్‌తో పరిచయము

1767 ఆరంభంలో లండనులో విలియం జేమ్స్ ఇంట ఎలిజాకు స్టెర్న్‌తో పరిచయమైంది. అప్పటికాయన వయసు 53, ఆమెకు 22. స్టెర్న్ క్రైస్తవ మతాచార్యుడు, క్షయరోగి. ఇద్దరూ వివాహితులే. ఆయన తనను బ్రామిన్ అనీ, ఆమెను బ్రామీన్ అనీ చెప్పుకున్నాడు. ఈ పేర్లకు మూలం మన దేశపు బ్రాహ్మణ శబ్దమే. భర్త పిలుపుమేరకు ఎలిజా 1767 ఏప్రిల్‌లో ఓడయెక్కింది. ఆ ఎడబాటులో స్టెర్న్ ఆమెను ఉద్దేశించి దినచర్య వ్రాశాడు. 1768 మార్చి 18న ఆయన మరణించాడు. ఆ దినచర్య 1904లో గాని అచ్చు కాలేదు.

చిత్రపటము

ఎలిజా సూక్ష్మ చిత్రపటమొకటి స్టెర్న్ వద్ద ఉండేది. పట్టుబట్టలు, ముత్యాలతో చిత్రించిన మరొక పటం కంటె, నిరాడంబర వేషంలో ఉన్న ఈ పటమే ఆమె నిజస్వరూపమని ఆయన భావించాడు. 1768లో వెలువడిన ఎ సెంటిమెంటల్ జర్నీ ఆరంభంలోనే కథకుడు యోరిక్ ఆ పటాన్ని మెడలో ధరించినట్లు కనబడుతుంది. అలా సజీవురాలైన ఒక స్త్రీ నవలలోని పాత్రగా మారింది. పాఠకులు ఎరిగినది ఆ పటాన్నే గాని, ఆమె జీవితాన్ని కాదు.

తెలుగు సీమలో

వైవాహిక జీవితం దుర్భరం కాగా, 1773 జనవరి మధ్యలో ఒక రాత్రి ఎలిజా బొంబాయిలోని మజగావ్ ఇంటినుండి వెళ్ళిపోయింది. అందుకు కారణాలు వివరిస్తూ భర్తకు లేఖ వ్రాసి ఉంచింది. నౌకాదళ అధికారి సర్ జాన్ క్లార్క్ ఆమెకు సహాయపడ్డాడు. పిమ్మట ఆమె తూర్పుతీరంలో తన మేనమామ థామస్ వైట్‌హిల్ వద్దకు చేరింది. ఆయన రాజమండ్రిలో కంపెనీ అధికారి. 1759లో ఫ్రెంచివారినుండి బందరు కోట ఆంగ్లేయుల వశమైనది మొదలు మచిలీపట్నం ఈ ప్రాంతంలో వారి పాలనకు ముఖ్య కేంద్రంగా ఉండేది. స్త్రీ భర్తను విడిచివెళ్ళడం మహాపరాధమని తలచే ఆ కాలంలో ఎలిజాకు నీడనిచ్చినది ఈ బంధువుల ఇల్లే. 1774లో ఆమె తిరిగి ఇంగ్లాండు చేరుకుంది.

ఉత్తరాల గాథ

స్టెర్న్ మరణానంతరం ఆయన భార్యకు, కుమార్తె లిడియాకు ఎలిజా భారతదేశంలో చందాలు సేకరింపజేసింది. తన ఉత్తరాలను వారు ప్రచురిస్తారేమోనన్న భయం మాత్రం ఆమెను వెంటాడింది. ఆమె జీవించి ఉండగానే స్టెర్న్ ఆమెకు వ్రాసిన పది ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. ఆయనకు ఆమె వ్రాసిన జవాబులు లభించలేదు. ఆమె మరణానంతరం, 1779లో, విలియం కూంబ్ కల్పిత లేఖలను వారిద్దరి పేరిట ప్రచురించాడు. అయితే బంధుమిత్రులకు ఎలిజా స్వయంగా వ్రాసిన ఉత్తరాలు కొన్ని నిలిచాయి. చదువు, ఆలోచన, ఆత్మగౌరవం గల స్త్రీ వాటిలో కనబడుతుంది.

మరణము

1778లో బ్రిస్టల్‌లో ఎలిజా మరణించింది. బ్రిస్టల్ కెథెడ్రల్‌లో శిల్పి జాన్ బేకన్ 1780లో చెక్కిన స్మారకంపై ప్రతిభ, పరోపకారం అనే గుణాలకు ప్రతీకలుగా రెండు స్త్రీమూర్తులున్నాయి. ఆ ఫలకంపై స్టెర్న్ పేరు లేదు. ఫ్రెంచి రచయిత రేనాల్ తన ఇండీస్ చరిత్రలో ఆమె జన్మస్థలమైన అంజెంగోను ప్రస్తుతించాడు.