తెల్లవారకముందే గుర్రమెక్కిన రాయలు

శ్రీకృష్ణదేవరాయలనగానే అష్టదిగ్గజాలు గుర్తుకొస్తారు. ఆయన గొప్ప రౌతు అన్న సంగతి అంతగా చెప్పుకోరు.

1509లో విజయనగర సింహాసనమెక్కిన రాయలు ప్రతిరోజూ చీకటితోనే లేచి, నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించి, అది చెమటతో కారిపోయేదాకా బరువులెత్తి, కత్తిసాము చేసి, కుస్తీ పట్టేవారు. తర్వాత గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో దౌడు తీయించేవారు. స్నానం, పూజ, రాచకార్యాలు ఆ పిమ్మటే. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ దినచర్యను రాసిపెట్టాడు.

ఇది వట్టి వేడుక కాదు. ఉత్తరాన బీజాపూరు సుల్తానులకు బలమైన అశ్వదళం ఉండేది. మేలుజాతి గుర్రాలేమో అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో రావలసిందే. దారిలో చాలా చచ్చేవి. రాయలకు ముందు ఏలిన సాళువ నరసింహరాయలు, చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపినా ధర చెల్లించాడని న్యూనిజ్ అనే మరో పోర్చుగీసు రాశాడు. విజయనగర రాజు ఏటా 13 వేల గుర్రాలు కొనేవారని కూడా ఆయన రాతల్లో ఉంది.

దూరదేశాల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లు, ఇళ్లు, కొలువులో గౌరవం ఇచ్చి, ఆ గుర్రాలు శత్రువుకు చేరకుండా చూసుకోవాలని రాయలు ఆముక్తమాల్యదలో చెప్పారు. 1520లో రాయచూరు కోట గెలిచారు. 1529లో కన్నుమూశారు.

కొలువులో ఎందరు రౌతులున్నా, తన సాధన మాత్రం ఆయన ఒకరికి వదిలిపెట్టలేదు.