ఎంజో ఫెరారీ – తన పేరు పెట్టని కారు

మోటారు కార్ల చరిత్రలో ఫెరారీ అన్న పేరు ఎరుగనివారు అరుదు. పసుపు పచ్చని పలక మీద ముందుకాళ్ళెత్తి నిలిచిన నల్లగుర్రాన్ని, జన్మలో కారు ఎక్కనివాడు సైతం గుర్తుపట్టగలడు. అయితే ఆ పేరు గల మనిషి, తన కర్మాగారంలోనే పుట్టిన ఒక కారుకు తన పేరు పెట్టనీయలేదు. ఆ గుర్రపు బొమ్మనూ అతికించనీయలేదు. దానికి డీనో అని నామకరణం చేశాడు. డీనో అతని కుమారుడు, అప్పటికే కీర్తిశేషుడు. 1973లో వెలువడిన డీనో 308 జీటీ4 అన్న ఈ కారు అన్నివిధాల మంచిదై ఉండి కూడ, ఆ పేరు కారణంగా చిరకాలం చిన్నచూపుకు గురియైనది. ఎంజో ఫెరారీ జీవితాన్ని పందేల విజయాల వైపు నుండి గాక, ఈ ఒక్క కారు వైపు నుండి చూడాలని మా ప్రయత్నం.

ఎంజో 1898వ సంవత్సరం ఫిబ్రవరిలో ఇటలీలోని మోడెనా పట్టణంలో జన్మించాడు. తండ్రి అల్ఫ్రెడో లోహపు పనుల కార్ఖానా నడిపేవాడు. అన్న పేరు కూడ అల్ఫ్రెడోయే. ఇంట్లో ముద్దుగా డీనో అనేవారు. 1916లో తండ్రి, అదే సంవత్సరంలో అన్న మరణించారు. ఎంజో మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి, కొండ ఫిరంగి దళంలో కంచరగాడిదలకు నాడాలు కొట్టే పని చేశాడు. జబ్బుపడి బయటికి వచ్చాడు. 1918–19 చలికాలంలో టురిన్ నగరానికి పోయి ఫియట్ కంపెనీలో ఉద్యోగం అడిగితే లేదన్నారు. ఆనాడు నదీతీరంలోని ఉద్యానవనంలో బెంచీ మీద కూర్చుండి ఏడ్చానని తర్వాత తానే వ్రాసుకొన్నాడు. ఈ ఫియట్ ప్రసక్తి మళ్ళీ వస్తుంది కనుక పాఠకులు గుర్తుంచుకోవాలి.

1920లో అల్ఫా రోమియో కంపెనీలో చేరి పందెపు కార్లు నడిపాడు. ఆ ఏడే సిసిలీ ద్వీపపు టార్గా ఫ్లోరియో పందెంలో రెండవ స్థానం పొందాడు. 1923లో రవెన్నాలో గెలిచినప్పుడు, యుద్ధంలో మరణించిన ఫ్రాన్సెస్కో బరాక్కా అనే వైమానికుని తల్లిదండ్రులతో పరిచయం కలిగింది. ఆ వైమానికుని విమానం మీద ఉండిన గుర్రపు చిహ్నమే తర్వాత ఎంజో చిహ్నమైనది. అంటే ఆ గుర్రం కూడ కొడుకును పోగొట్టుకొన్న తల్లిదండ్రుల నుండి వచ్చినదే. 1929లో అల్ఫా కార్లతో పందేలు ఆడే ఫెరారీ దళాన్ని మోడెనాలో స్థాపించాడు. 1932 జనవరిలో కుమారుడు పుట్టగానే తాను పందేలు ఆడడం మానుకొన్నాడు. తాతకు, పెదనాన్నకు ఉండిన పేరే ఆ పిల్లవానికి పెట్టాడు. ఈ ఆచారం మన తెలుగు ఇళ్ళలోనూ, మా ముస్లిం కుటుంబాలలోనూ ఉన్నదే. అల్ఫ్రెడో పత్రాలలో మిగిలింది. పిలుపు మాత్రం డీనో.

1939లో అల్ఫా కంపెనీతో తెగతెంపులైనవి. అప్పటి షరతు విచిత్రమైనది. నాలుగేళ్ళపాటు పందేలలో తన ఇంటిపేరును అతడు వాడరాదు! అందుచేత 1940లో అతడు తయారుచేసిన మొదటి రెండు కార్లు ఫెరారీలు కావు, 815 అన్న అంకె పేరుతో మిల్లే మిల్యా పందెంలోకి దిగినవి. సొంత పేరు వాడుకొనే హక్కును కోల్పోయిన మనిషికి పేరు విలువ ఏమిటో బాగా తెలిసి ఉంటుంది. 1943లో కర్మాగారం మారనెల్లో అనే చిన్న ఊరికి మారింది. యుద్ధంలో బాంబులు పడినా తిరిగి నిలబెట్టుకొన్నాడు. 1947లో పన్నెండు సిలిండర్ల ఇంజనుతో తన పేరుగల తొలి కారు బయటికి వచ్చింది. తర్వాతి విజయాలను మేము విస్తరించి చెప్పబోము. 1949లో లెమాన్స్, 1951లో సిల్వర్‌స్టోన్‌లో పాత యజమానులైన అల్ఫాపైన గెలుపు, 1952, 53లలో ఆస్కారీ ప్రపంచ విజేత కావడం—ఇవి ఏ పుస్తకంలోనైనా లభిస్తాయి.

డీనో కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధితో బాధపడ్డాడు. ఆ వ్యాధికి ఆనాడు మందు లేదు. తండ్రి ఇంజన్లకు పెట్టే లెక్కనే కుమారుని దేహానికీ పెట్టాడు. ఏమి తిన్నాడు, ఎంత తిన్నాడు, పరీక్షలలో ఏ అంకె ఎంత ఉన్నదన్న సంగతులన్నీ ఒక పుస్తకంలో గళ్ళు గీసి వ్రాసుకొన్నాడు. లెక్క సరిగా ఉంటే యంత్రం నడుస్తుందన్నది అతని జీవితకాలపు నమ్మకం. ఇక్కడ లెక్క పనిచేయలేదు. 1956 జూన్ 30వ తేదీన డీనో ఇరవైనాలుగేళ్ళకే కన్నుమూశాడు. మంచంలో ఉండగానే ఆరు సిలిండర్ల కొత్త ఇంజనును గూర్చి విట్టోరియో యానో అనే వృద్ధ ఇంజనీరుతో, తండ్రితో గంటల తరబడి చర్చించేవాడట. ఆ ఇంజనులో కుమారుని పని ఎంత, తండ్రి మమకారం ఎంత అని తర్వాతి చరిత్రకారులు తర్కించారు. మా దృష్టిలో ఆ తర్కానికి పెద్ద ప్రయోజనం లేదు. తండ్రి దానిని కుమారుని ఇంజను అన్నాడు. కర్మాగారంలో అందరూ అలాగే అన్నారు. 1958లో మైక్ హాథార్న్ ప్రపంచ విజేత అయినది డీనో పేరుగల ఆ ఆరు సిలిండర్ల కారుతోనే. ఎంజో ప్రతి ఉదయం సమాధి దగ్గరికి పోయి వచ్చి గాని పనిలో కూర్చుండేవాడు కాడు. కళ్ళకు నల్లద్దాలు వచ్చినవి. వ్రాతకు ఊదారంగు సిరా వాడేవాడు.

ఇతడు మహాత్ముడని మేము చెప్పబోము. 1957 మిల్లే మిల్యా పందెంలో అతని కారు ఒకటి టైరు పగిలి జనం మీదికి పోగా, నడిపేవాడు, అతని సహచరుడు, రోడ్డు ప్రక్క నిలిచిన తొమ్మిదిమంది మరణించారు. వారిలో ఐదుగురు పిల్లలు. ఎంజో మీద కేసు నడిచి 1961లో గాని కొట్టివేయబడలేదు. సొంత బిడ్డకోసం అంత విలపించిన మనిషి ఇతరుల బిడ్డలను వరుసగా ఆ పందేలకు పంపుతూనే ఉండడం ఎలా సాధ్యమైనదో మాకు బోధపడదు.

ఇక కారు సంగతి. సాధారణంగా కారులో ఇంజను ముందు ఉంటుంది. పందెపు కార్లలో దానిని నడిపేవాని వెనుక, వెనుక చక్రాలకు ముందు, అనగా నడుమ అమర్చే పద్ధతి ఇంగ్లండులో కూపర్ కంపెనీవారి చేతిలో నెగ్గింది. 1959, 60 సంవత్సరాల ప్రపంచ విజయాలు వారివే. ఎంజో చాలాకాలం ఒప్పుకోలేదు. బండిని లాగే పశువు బండికి ముందే ఉండాలన్నది అతని వాదం. చివరకు 1961లో తన ఆరు సిలిండర్ల ఇంజనునే వెనుకకు మార్చి గెలిచాడు. ఇందులోని సూత్రం మన విద్యార్థులకు సులభంగానే తెలుస్తుంది. కావడి భుజాన వేసుకొన్నవాడు సందు మలుపులో చప్పున తిరగలేడు. రెండు కొసల బరువులు అతణ్ణి తమ వైపు లాగుతాయి. అదే బరువును వీపుకు హత్తుకొని మోసేవాడు సులువుగా తిరుగుతాడు. నడుమ ఇంజను గల కారు ఈ రెండవవాని వంటిది. కాని సులువుగా తిరిగేది అదుపు తప్పితే అంత సులువుగానూ గిరగిర తిరిగిపోతుంది. డబ్బున్న ప్రతివాడూ పందెగాడు కాడు గనుక, అటువంటి కారును మామూలు కొనుగోలుదారులకు అమ్మడానికి ఎంజో జంకాడు. బలం తక్కువ గల చిన్న ఇంజనుతోనైతే చేయవచ్చునన్నాడు. అలా 1967లో చూపబడి మరుసటి ఏడు అమ్మకానికి వచ్చినది రెండు లీటర్ల డీనో 206 జీటీ; దాని వెంట 1969లో 246 జీటీ. చిన్న ఇంజనును ఫెరారీ అనడం అతనికి ఇష్టంలేదు. డీనో అన్నది కర్మాగారం దృష్టిలో తక్కువరకానికి వేరే పేరు; తండ్రి దృష్టిలో అది ఏమిటో మనం ఊహించుకోవచ్చు.

ఆ 1969లోనే ఎంజో తన సంస్థలో సగం వాటాను ఫియట్ కంపెనీకి అమ్మివేశాడు. యాభై ఏళ్ళ క్రిందట ఉద్యోగం లేదన్నవారే ఇప్పుడు వచ్చి కొన్నారు. పందేల విభాగం మాత్రం తన చేతిలో ఉంచుకొన్నాడు.

308 జీటీ4 ఈ కొత్త ఏర్పాటులో పుట్టింది. మూడు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను, నాలుగు కార్బురేటర్లు, సుమారు 250 అశ్వశక్తి. ఇంజను నడుమనే, అడ్డంగా అమర్చబడి ఉంటుంది. అయినా వెనుక రెండు చిన్న సీట్లు. ఇందుకోసం చక్రాల నడిమి దూరాన్ని 246 కన్నా 21 సెంటీమీటర్లు పెంచి 255 చేశారు. పెద్దవాళ్ళు అక్కడ కూర్చుండలేరు, పిల్లలు కూర్చుండగలరు. సంసారం గల మనిషి కొనదగిన కారు అన్నమాట! దేహాన్ని తీర్చినది ఎప్పటి పినిన్‌ఫరీనా సంస్థ కాదు, బెర్టోనే సంస్థలోని మార్సెల్లో గాండినీ. లంబోర్గినీవారి మియురా, కౌంటాష్ ఆయన చేతివే. ఇదే రకపు వారి ఉర్రాకో కూడ ఆయనదే. 2024లో గాండినీ మరణించినప్పుడు ప్రపంచమంతా మియురాను తలచుకొన్నది, జీటీ4ను తలచినవారు కొద్దిమంది. 246 జీటీ ఒంపుసొంపులకు అలవాటుపడిన కళ్ళకు ఈ మూలలు తేలిన ఆకారం నచ్చలేదు. అన్నిటికీ మించి, పలక మీద ఫెరారీ అని లేదు. 1975లో అమెరికాలో ఫెరారీ అంగళ్ళలో అమ్మడానికి ఉన్న కొత్త కారు దాదాపు ఇదొక్కటే. ఫెరారీ అంగడిలో ఫెరారీ కాని కారు! అక్కడి వర్తకులు తామే గుర్రపు బొమ్మలు తెచ్చి అతికించసాగారు. 1976 ముగిసేనాటికి కర్మాగారం కూడ లొంగిపోయి ఫెరారీ పేరు తగిలించింది. ఇంజను మారలేదు, పేరు మారింది. ఇటలీలో రెండు లీటర్లు దాటిన కార్లకు పన్ను అధికం గనుక 208 అన్న చిన్న ఇంజను రకాన్ని కూడ చేశారు. 1980 వరకు తయారైన 308 జీటీ4లు సుమారు 2,800.

పొందూరు ప్రాంతంవారికి ఈ సంగతి వింతగా తోచదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, నూరవ నంబరు వరకు సన్నని నూలు వడికే చేతులు మన ఊరిలో ఉన్నవి. ఆ బట్ట పొందూరు పేరుతో ఉంటేనే విలువ. అదే బట్టను పేరు చెప్పక సంతలో పరిస్తే ఎందరు ఆగి చేతితో తాకి చూస్తారు? తాకి చూసేవాడే ఎరిగినవాడు. జీటీ4 విషయంలో తాకి చూడడం అనగా నడపడం.

ఆ కారు నడిపినవారు చెప్పేదానిలో ఒక పోలిక ఉన్నది. మొదట అది విసిగిస్తుంది. గేరు కర్ర ఒక ఇనుప పలకలోని గాళ్ళలో కదులుతుంది. మొదటి గేరు ఎడమకు లాగి వెనుకకు వేయాలి. నూనె వేడెక్కేదాక రెండవ గేరు మొండికేస్తుంది. బలవంతం చేయరాదు, మొదటి నుండి మూడవ గేరుకు పోవాలి. స్టీరింగ్‌కు యంత్ర సహాయం లేదు, ఆపేచోట చేతులు నొప్పిపుట్టేంత బరువు. వేగం అందుకొన్న తర్వాత అదే స్టీరింగ్ తేలికై, రోడ్డు మీది ప్రతి రాయినీ అరచేతికి తెలుపుతుంది. పొడవైన చక్రాల దూరం వలన, పొట్టివైన నడుమ ఇంజను కార్లకన్న ఇది నిబ్బరంగా తిరుగుతుంది. అనగా ఎంజో భయపడిన దోషాన్ని చాలావరకు తగ్గించినది, అతడు పేరు పెట్టని కారే. చుట్టూ పెద్ద అద్దాలు, మంచి వెలుతురు. చెవుల వెనుక ఎనిమిది సిలిండర్ల మోత. చిలకపాలెం నుండి పొందూరు వచ్చే రోడ్డు మీదికి ఇది వస్తే పొట్ట నేలకు రాసుకోక తప్పదు, అది వేరే మాట.

ఉంచుకోవడం నడపడం కన్న కష్టం. ఇంజనులోని టైమింగ్ బెల్టులు రబ్బరువి. కారు తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్ళకొకసారి మార్చవలసినదే. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను మొత్తం పాడవుతుంది. రేడియేటర్ ముందు, ఇంజను వెనుక గనుక నీటి గొట్టాలు కారు పొడవునా పోతాయి. వాటిలో గాలి చిక్కుకొంటే ఇంజను కాగిపోతుంది. నాలుగు కార్బురేటర్లు ఒకే తూకంలో పీల్చేటట్లు సరిచేయడానికి చెవి గల మిస్త్రీ కావాలి. ఇంజను అడ్డంగా ఉన్నందున దాని ముందు వరుస చేతికి అందదు. తుప్పు సరేసరి. కొనే ధర ఇతర పాత ఫెరారీలకన్న తక్కువ కావడమే ఒక ప్రమాదం. చవకగా కొన్నవాడు మరమ్మతుకు వెనుకాడాడు. వెనుకాడినందున కార్లు పాడైనవి. పాడైనందున మరింత చులకనైనవి. అయినా ఎనిమిది సిలిండర్ల ఇంజనును వెనుక పెట్టుకొన్న ఫెరారీ వంశమంతా, 1975 నాటి 308 జీటీబీ మొదలుకొని 2019 నాటి ఎఫ్8 వరకు, దీని కడుపున పుట్టినదే.

ఎంజోకు మరొక కుమారుడు ఉన్నాడు. 1945లో వేరొక స్త్రీ వలన కలిగిన పియరో. ఇటలీ చట్టంలో 1970 వరకు విడాకులు లేవు. భార్య లౌరా జీవించి ఉండగా ఆ బిడ్డను తన బిడ్డగా లోకానికి చెప్పలేదు. పియరో కర్మాగారంలోనే పనిచేశాడు, తల్లి ఇంటిపేరుతో. చనిపోయిన కుమారుని పేరు వేలాది కార్ల మీద తిరుగుతున్నప్పుడు, బ్రతికి ఉన్న కుమారునికి తండ్రి పేరు లేదు. లౌరా 1978లో మరణించిన తర్వాతనే అతనికి ఫెరారీ అన్న పేరు దక్కింది. అప్పటికి జీటీ4కు ఆ పేరు వచ్చి ఏడాది దాటింది.

1988 ఆగస్టు 14వ తేదీన ఎంజో తొంభైయవ ఏట మరణించాడు. అతని కోరిక ప్రకారం ఖననం పూర్తయిన తర్వాతనే వార్త వెల్లడించారు. మన జనాజాల వలె ఆడంబరం లేకుండా, ఆలస్యం లేకుండా జరిగింది. ఫియట్ వాటా నూటికి తొంభై అయినది, పది పియరోకు వచ్చినవి. ఈనాడు జీటీ4 యజమానులలో కొందరు, వర్తకులు ఆనాడు అతికించిన గుర్రపు బొమ్మలను జాగ్రత్తగా ఊడదీసి, పాత డీనో పలకలను వెదకి కొని తిరిగి బిగించుకొంటున్నారు.